గురకకు చిగుళ్ళతో ఏమి పని?

గురక పెట్టేవారిని చూసి నవ్వుకోని కుటుంబం మన దేశంలో అరుదు. పెళ్ళివారి విడిదిలో బంధువులంతా వరుసగా పడుకొన్నప్పుడు, రైలుపెట్టెలో దీపాలు ఆర్పిన తరువాత, ఎవరో ఒక పెద్దమనిషి గొంతు నుంచి వెలువడే ఘోషకు తక్కినవారి నిద్ర చెడుతుంది. తెల్లవారిన తరువాత కుంభకర్ణుని పేరెత్తి అందరూ నవ్వుతారు. ఆ పెద్దమనిషీ నవ్వుతాడు. గురక రావడం నిద్ర బాగా పట్టినందుకు గుర్తు అని ఆయన నమ్మకం. ఒక విధంగా అది ఆయనకు గర్వకారణం కూడ.

ఆ పెద్దమనిషే పళ్ళు తోముకొని పుక్కిలించి ఉమ్మినప్పుడు నీళ్ళలో ఎర్రని చార కనిపిస్తుంది. దానికీ సమాధానం సిద్ధంగానే ఉంటుంది: ఒంటికి వేడి చేసింది. రెండు పూటలు మజ్జిగ ఎక్కువగా తాగుతాడు, నెత్తురు వచ్చిన చోట రెండు రోజులు బ్రష్షు తగలనీయడు, ఆ తరువాత సంగతే మరచిపోతాడు. వేలు తెగి నెత్తురు కారితే వెంటనే కట్టు కట్టుకొనే మనిషి, నోటి నుంచి రోజూ వచ్చే నెత్తురును లెక్కచేయకపోవడం వింతే. ఐనా ఇది లోకసహజం.

ఈ రెండూ రోగలక్షణాలు కావచ్చునని చెబితే ఆయన సగమే నమ్ముతాడు. ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చునని చెబితే అసలు నమ్మడు. గురక పుట్టేది గొంతుకలో, నెత్తురు వచ్చేది చిగుళ్ళలో. ఒకదానిని చూసే వైద్యుడు వేరు, రెండవదానిని చూసే వైద్యుడు వేరు; చాలా ఊళ్ళలో వారిద్దరి ఆస్పత్రులు కూడ వేరు. కాని గత పదిహేనేళ్ళకు పైగా వివిధ దేశాల్లో పరిశోధకులు ఈ రెండు జబ్బుల రోగుల జాబితాలను పక్కపక్కన పెట్టి పరిశీలిస్తున్నారు. ఒక జాబితాలోని మనుషులు రెండవ జాబితాలోనూ కనిపించడం కాకతాళీయం అనుకోవడానికి వీలులేనంత తరచుగా జరుగుతున్నది.

గురకలన్నీ రోగం కావు. జలుబు చేసినప్పుడో, బాగా అలసినప్పుడో వచ్చే గురకకు భయపడనవసరం లేదు. నిద్ర పట్టగానే ఒంట్లోని కండరాలు సడలుతాయి. కొండనాలుక, నాలుక మొదలు, వాటి వెనుక ఉన్న గొంతు గోడలు మెత్తని కండతో ఏర్పడినవి. తెరచి ఉంచడానికి అక్కడ ఎముక ఆసరా లేదు. దారి ఇరుకై, గాలి ఒరుసుకొంటూ పోయినప్పుడు ఆ కండ అదురుతుంది. ఆ అదురే గురక. కొందరిలో దారి ఇరుకు కావడంతో ఆగదు, పూర్తిగా మూసుకొనిపోతుంది. అప్పుడు గురక ఉండదు, చప్పుడే ఉండదు. హమ్మయ్య, ఆగింది అని పక్కవారు అటు తిరిగి పడుకొనే ఆ క్షణంలోనే ఆయనకు ఊపిరి అందడం లేదు. ఛాతీ ఎగసిపడుతుంది కాని గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం మేల్కొలుపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి తిరిగి వస్తుంది, గురక మళ్ళీ మొదలవుతుంది. ఉదయం ఆయనకు ఇవేవీ గుర్తుండవు.

వైద్యులు దీనిని స్లీప్ ఏప్నియా అంటారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అని తెలుగులో చెప్పుకోవచ్చు. కనీసం 10 సెకండ్ల పాటు ఊపిరి ఆగితే దానిని ఒకసారిగా లెక్కకడతారు. ఊపిరి పూర్తిగా ఆగకుండా బాగా సన్నగిల్లి ఆక్సిజన్ తగ్గినా లెక్కలోకి వస్తుంది. గంటకు 5 సార్లకు లోపయితే పెద్దవారిలో దానిని జబ్బు అనరు. 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే ఏడు గంటల నిద్రలో 210 సార్లు. రాత్రికి 210 సార్లు ఎవరైనా భుజం తట్టి లేపితే మరునాడు ఆ మనిషి ఆఫీసులో ఎలా పనిచేస్తాడో, బండి ఎలా నడుపుతాడో ఊహించవచ్చు. ఈ జబ్బు ఉన్నవారిలో రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ఎక్కువగా కనిపిస్తాయన్న సంగతి ఇప్పుడు వైద్యలోకంలో అందరికీ తెలిసినదే.

ఈ లెక్కను యంత్రాలకంటె ముందు కట్టినవారు ఇల్లాండ్రు. చీకట్లో కళ్ళు తెరచుకొని, భర్త ఊపిరి ఆగినప్పుడు తన ఊపిరి కూడ బిగబట్టి, అది తిరిగి వచ్చేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టుకొనే స్త్రీలు ఈ దేశంలో ఎందరో ఉన్నారు. ఉదయం ఆమె, "ఏమండీ, రాత్రి మీకు ఊపిరి ఆగిపోయిందండీ" అంటుంది. "నీకేదో పీడకల వచ్చి ఉంటుంది" అని ఆయన పేపరు తిరగేస్తాడు. సాక్షి ఒకరే, ముద్దాయి నిద్రలో ఉన్నాడు. ఈ వ్యాజ్యం చాలా ఇళ్ళలో ఇరవై ఏళ్ళు సాగుతుంది.

వైద్యశాస్త్రం కూడ ఈ జబ్బును గుర్తించడానికి ఎక్కువ కాలమే తీసుకొన్నది. ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1836-37లో ప్రకటించిన 'పిక్విక్ పేపర్స్'లో జో అనే లావుపాటి కుర్రవాడు నిలుచున్నచోటనే కునుకు తీస్తాడు. పాఠకులు నూరేళ్ళకు పైగా నవ్వుకొన్నారు. 1956లో బోస్టన్ వైద్యులు తమ రోగి ఒకరి కథను ప్రచురించారు. ఆయన భారీకాయుడైన వ్యాపార సంస్థ అధికారి. ఒక రాత్రి పేకాటలో ఆయన చేతికి మూడు ఆసులు, రెండు రాజులు వచ్చాయి. పేకాట తెలిసినవారికి అటువంటి చేతి విలువ చెప్పనక్కరలేదు. కాని ఆయన ముక్కలు పట్టుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయి ఆ ఆటను పోగొట్టుకొన్నాడు. కొద్ది రోజులకే ఆస్పత్రిలో చేరాడు. ఆ వైద్యులు డికెన్స్‌ను తలచుకొని దానికి పిక్విక్ పేరే పెట్టారు. అందులో చేరి ఉన్న మరొక శ్వాసలోపాన్ని తరువాతివారు విడదీసి చూశారు. 1965లో ఫ్రాన్సులో, జర్మనీలో పరిశోధకులు నిద్రపోతున్న రోగుల ఊపిరిని రాత్రంతా నమోదు చేసి, అది మాటిమాటికీ ఆగుతున్నదని చూపించారు. లోకం తెలుసుకొన్నకొద్దీ జబ్బు విస్తృతి బయటపడింది. 2019లో వెలువడిన ఒక అంచనా ప్రకారం 30 నుంచి 69 ఏళ్ళ మధ్యవారిలో ప్రపంచమంతటా సుమారు 93 కోట్ల 60 లక్షల మందికి ఇది ఎంతో కొంత ఉన్నది. మన దేశంలో పనిచేసే వయస్సువారిలో 10 కోట్లకు పైగా ఉండవచ్చునని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో లెక్కకట్టారు.

ఇక చిగుళ్ళ సంగతి. ఇక్కడ తెలుగు భాష శాస్త్రజ్ఞులకంటె ముందే ఒక మంచి మాట చెప్పింది. చెరువు మెట్ల మీద పట్టేదీ పాచే, రాత్రి నిద్రలో పళ్ళ మీద పట్టేదీ పాచే. నేటి సూక్ష్మజీవ శాస్త్రం కూడ ఆ రెండింటినీ ఒక కుదురులోనివిగానే చూస్తున్నది: తడి ఉపరితలం మీద సూక్ష్మజీవులు జిగురు లాంటి పొరను అల్లుకొని అందులో కాపురం పెట్టడం. ఆ పాచిని తీయకపోతే లాలాజలంలోని కాల్షియం చేరి గట్టిపడుతుంది. దానిని గార అన్నారు. గోడకు పూసే సున్నపు గారకూ, పళ్ళకు పట్టే గారకూ పేరు ఒకటే కావడం ఎవరి చమత్కారమో గాని, రసాయన శాస్త్రానికి అది దూరం కాదు. హాలండులో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ 1683లో తన పళ్ళ సందుల నుంచి గీకిన పాచిని తాను చేసికొన్న సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కదలాడే ప్రాణులను గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి రాశాడు.

పాచి వల్లనే చిగురు వాస్తుందని నిస్సందేహంగా చూపినవాడు హారాల్డ్ లో అనే నార్వే దేశస్థుడు. 1965లో డెన్మార్కులో ఆయనా, ఆయన సహచరులూ ప్రకటించిన ప్రయోగం ఎంత సరళమైనదో అంత ప్రసిద్ధమైనది. ఆరోగ్యవంతులైన 12 మంది పళ్ళు తోముకోవడం మానేశారు. 10 నుంచి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్ళు ఎర్రబడి వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టిన తరువాత సుమారు వారం రోజుల్లో నయమయ్యాయి. అంటే ఆ దశలో జబ్బు ఇంకా మనిషి చేతిలోనే ఉన్నది. వాపు చిగురు దాటి లోపలికి దిగి, పంటిని దవడకు పట్టి ఉంచే నారనూ, ఎముకనూ తినివేయడం మొదలుపెడితే కథ వేరు. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. నొప్పి కూడ చాలాకాలం తెలియదు. పన్ను కదలడం మొదలయ్యేటప్పటికి జబ్బుకు ఏళ్ళు గడిచి ఉంటాయి. చిగుళ్ళ జబ్బు తీవ్రస్థాయిలో ఉన్నవారు ప్రపంచంలో 100 కోట్లకు పైమాటే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెల్లడించింది.

ఐతే పాచి ఒక్కటే కారణమా? దీనికి జవాబు చెప్పినది పొరుగున ఉన్న శ్రీలంక. అదే హారాల్డ్ లో 1970 నుంచి 1985 వరకు అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీల నోళ్ళను పరీక్షిస్తూ వచ్చాడు. వారికి దంతవైద్యం అందుబాటులో లేదు. బ్రష్షు అలవాటు లేదు. అందరి పళ్ళకూ పాచి, గార సమంగానే ఉన్నాయి. ఐనా నూటికి 8 మందిలో జబ్బు ఎముకను వేగంగా తినివేసింది. నూటికి 81 మందిలో నింపాదిగా సాగింది. తక్కిన 11 మందిలో చిగుళ్ళు ఎర్రబడి ఉన్నా పంటి పట్టు సడలలేదు. మురికి ఒకటే, ఫలితం ముగ్గురికి మూడు విధాలు. తేడా పాచిలో కంటె, దానిని ఎదుర్కొనే శరీరంలో ఎక్కువగా ఉన్నదన్నమాట. చిగుళ్ళ శాస్త్రంలో ఇంతకంటె ఆలోచింపజేసే లెక్క మరొకటి లేదనవచ్చు. ఆ శరీరాన్ని బలహీనపరచేవి ఏవి అన్న ప్రశ్న అక్కడి నుంచే పుష్టి పొందింది. పొగాకు ఒకటని తేలింది. మధుమేహం మరొకటని తేలింది. కళ్ళు, మూత్రపిండాలు మొదలైనవాటికి మధుమేహం చేసే ఐదు చేట్ల సరసన చిగుళ్ళ జబ్బును ఆరవదిగా చేర్చవలసిందని 1993లో రాసినవాడు కూడ ఈ హారాల్డ్ లోనే.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఇప్పుడు ఆ వరుసలో నిలబడి తన వంతు కోసం ఎదురుచూస్తున్నది.

ఈ రెండూ కలిసే చోటు రాత్రివేళ నోరు. పగలంతా నోటిని కడిగి కాపాడేది లాలాజలం. రోజుకు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు దాకా ఊరే ఆ ద్రవంలో సూక్ష్మజీవులను అణచే పదార్థాలున్నాయి, ఆమ్లాన్ని విరిచే గుణమున్నది. నిద్రలో అది దాదాపు ఊరడం మానేస్తుంది. ఇది అందరికీ జరిగేదే. పాచినోరు అందరికీ ఉండేదే. కాని ఊపిరి చాలనివాడు నోరు తెరచుకొని నిద్రపోతాడు. ఉన్న కొద్దిపాటి తడి కూడ గాలికి ఆరిపోతుంది. ఉదయం నాలుక అంగిలికి అంటుకొని లేచేవారు, రాత్రి రెండుసార్లు లేచి నీళ్ళు తాగేవారు ఈ రోగుల్లో ఎక్కువ. ఎండిన చిగురు ఒరుసుకొనిపోయి, పాచికి ఇంకా అనువైన చోటవుతుంది. నోరు తెరచి పడుకొనేవారిలో పైవరుస ముందుపళ్ళ చిగుళ్ళు ఎర్రబడి ఉబ్బి ఉండడం దంతవైద్యులు ఏనాటి నుంచో గమనిస్తున్నదే.

రెండవ దారి ఇంత తేలికగా కంటికి కనిపించదు. రాత్రి వందసార్లు ఆక్సిజన్ తగ్గి, వందసార్లు ఒక్క ఊపున పెరిగితే శరీరం దానిని దెబ్బగానే భావిస్తుంది. గాయం తగిలినప్పుడు రక్తంలో పెరిగే వాపు సంబంధమైన పదార్థాలు ఈ రోగుల రక్తంలో ఎక్కువగా కనిపిస్తాయి. చిగుళ్ళ జబ్బులో ఎముకను తినివేసేది సూక్ష్మజీవుల పళ్ళు కావు; వాటిని తరిమికొట్టబోయి శరీరం రగిలించుకొన్న మంటే. అప్పటికే మంట రాజేసుకొని ఉన్న శరీరానికి చిగుళ్ళ దగ్గర మరొక పుల్ల గీసినట్టవుతుందని శాస్త్రజ్ఞుల ఊహ. దీనిని తిప్పి చెప్పేవారూ ఉన్నారు: చిగుళ్ళలో ఏళ్ళ తరబడి రగిలే మంట రక్తం ద్వారా ఒళ్ళంతా పాకి ఇతర జబ్బులకు దోహదం చేయవచ్చునట. ఇవి రెండూ కారణాలు చూపగలిగిన ఊహలే గాని, రుజువైన సత్యాలు కావు.

మూడవ దారి అసలు దారే కాకపోవచ్చు. లావు, వయస్సు, పొగ, మద్యం, మధుమేహం: ఇవి గొంతుకనూ చెరుస్తాయి, చిగుళ్ళనూ చెరుస్తాయి. ఇద్దరు మనుషులు ఒకే సారాదుకాణం దగ్గర తరచు కనిపించినంత మాత్రాన వారిద్దరూ బంధువులు కారు. పైగా రెండు జబ్బులూ కోట్లాదిమందికి ఉన్నవే కాబట్టి, రెండూ ఒకే మనిషిలో ఉండడం తరచు జరిగి తీరుతుంది. కాబట్టి సంబంధం ఉన్నదని చెప్పదలచుకొన్నవారు ఈ ఉమ్మడి కారణాల వాటా తీసివేసి మిగిలినది చూపించాలి.

అలా చూపించడానికి ప్రయత్నించినవారున్నారు. 2013లో దక్షిణ కొరియా పరిశోధకులు 687 మంది పెద్దవారి నిద్రనూ, చిగుళ్ళనూ పరీక్షించారు. వయస్సు, లావు, పొగ మొదలైనవాటిని లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడ, ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారిలో చిగుళ్ళ జబ్బు ఉండే అవకాశం 1.75 రెట్లుగా తేలింది. 2015లో అమెరికాలో, లాటిన్ అమెరికా మూలాలున్న పన్నెండు వేలకు పైచిలుకు పెద్దవారి లెక్కలు వెలువడినప్పుడు తీవ్రమైన చిగుళ్ళ జబ్బు విషయంలో ఆ సంఖ్య ఒకటిన్నర రెట్ల ప్రాంతంలో నిలిచింది. తేలికపాటిగా ఊపిరి ఆగేవారిలో సైతం తేడా కనిపించింది. అదే ఏడాది అమెరికాలోనే 100 మంది రోగులపై జరిగిన మరొక పరిశీలనలో, ఊపిరి ఆగడం ఎంత తీవ్రమైతే చిగుళ్ళు అంత చెడతాయన్న లెక్క మాత్రం కుదరలేదు. తరువాత ఇటువంటి పరిశీలనలను పోగుచేసి చూసినవారు అధికసంఖ్యాకంగా సంబంధం ఉన్నదనే అన్నారు. ఒకటిన్నర రెట్లు అంటే పొగాకు చేసే కీడుతో పోల్చదగినది కాదు. కొట్టిపారేయదగినదీ కాదు. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఒకేసారి తీసిన ఛాయాచిత్రం లాంటి ఈ పరిశీలనల్లో తెలియదు. గురక మానితే చిగుళ్ళు బాగుపడతాయనో, చిగుళ్ళు బాగుచేయించుకొంటే గురక పోతుందనో ఎవరైనా ప్రకటన వేస్తే ఆ ప్రకటనను నమ్మకపోవడం మంచిది.

ఐతే మరి ఈ సంబంధం వల్ల సామాన్యునికి ఒరిగేదేమిటి? ఒక జబ్బు జాడ తీస్తూ పోయినవారికి రెండవ జబ్బు దొరకడమే దీనివల్ల వెంటనే కలిగే ప్రయోజనం. మధ్యతరగతి సంసారాల్లో తరచు కనిపించే ఒక గృహస్థును ఉదాహరణగా తీసుకొనవచ్చు. వయస్సు 52. కిందివరుస ముందుపన్ను కదులుతున్నదని దంతవైద్యురాలి దగ్గరకు వెళ్ళాడు. ఆమె అంకెలు చెక్కిన సన్నని పుల్లతో పంటికీ చిగురుకూ మధ్య లోతు కొలిచింది. ఆరోగ్యవంతమైన చిగురు దగ్గర అది 1 నుంచి 3 మిల్లీమీటర్లు. ఇక్కడ 5, కొన్నిచోట్ల 6. పొగ అలవాటు లేదు, కిళ్ళీ లేదు, చక్కెర సరిగానే ఉన్నది. పళ్ళు రోజుకు రెండుసార్లు తోముతాడు. మరి ఎందుకు ఇంత చెడినట్టు?

"పొద్దున లేచేసరికి నోరు ఎండిపోతుంటుందా?" అని ఆమె అడిగింది.

"ఎప్పుడూ అంతేనండీ."

"రాత్రిళ్ళు గురక వస్తుందా?"

"నిద్రలో ఉన్నవాణ్ణి, నాకెట్లా తెలుస్తుందండీ?"

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న భార్య లేచి వచ్చింది. "ఆయన్ని కాదు, నన్నడగండి డాక్టరుగారూ" అన్నది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది.

దంతవైద్యులకు ఉన్న అవకాశం మరే వైద్యునికీ లేదు. మనిషి తనంతట తాను వెలుగు కింద పడుకొని నోరు తెరచి చూపించేది వారికే. నాలుక అంచుల మీద పళ్ళ ముద్రలు, నిద్రలో కొరికి అరగదీసుకొన్న దవడపళ్ళు, ఇరుకైన గొంతు వాకిలి అన్నీ వారి కంటబడతాయి. ఆ గొంతు వాకిలిని కొలిచే పద్ధతికి ప్రపంచమంతటా తెలుగు ఇంటిపేరు ఉండడం విశేషం. గుంటూరులో వైద్యవిద్య చదివి బోస్టన్‌లో మత్తువైద్యుడిగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు 1985లో 210 మంది రోగులను పరీక్షించి ఒక చిన్న ఉపాయం ప్రకటించాడు. రోగిని కూర్చోబెట్టి, నోరు బాగా తెరచి నాలుక చాపమనాలి. కొండనాలుక, దాని రెండు పక్కలా ఉన్న కమ్ములు పూర్తిగా కనిపిస్తే ఒకటవ తరగతి. నాలుక చాటున అవి మరుగుపడినకొద్దీ రెండు, మూడు. నాలుగవ తరగతిని 1987లో వేరే వైద్యులు చేర్చారు. శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళంలోకి గొట్టం దింపడం ఎవరిలో కష్టమవుతుందో ముందే పసిగట్టడానికి ఆయన ఈ ఉపాయం కనిపెట్టాడు. 2006లో అమెరికా పరిశోధకులు దీనిని నిద్ర రోగుల మీద ప్రయోగించి, ఒక్కొక్క తరగతి పెరిగినప్పుడల్లా ఊపిరి ఆగే జబ్బు ఉండే అవకాశం రెండు రెట్లకు పైగా పెరుగుతున్నదని చూశారు. దీనికి ఖర్చు లేదు, యంత్రం లేదు. రోగి నాలుక చాపితే చాలు.

అనుమానం వచ్చిన తరువాత నిర్ధారణకు మాత్రం నిద్ర పరీక్ష కావాలి. ఒకప్పుడు ఆస్పత్రిలో ఒంటినిండా తీగలు తగిలించుకొని పడుకోవలసి వచ్చేది. ఇప్పుడు చాలామందికి ఇంటి దగ్గరే చిన్న పరికరంతో జరుగుతున్నది. మన గృహస్థుకు గంటకు 30 దాటింది. చికిత్సల్లో ప్రధానమైనది ముక్కుకు మాస్కు తగిలించి, గొంతు మూసుకొనిపోకుండా గాలిని నిరంతరం మెల్లగా నెట్టే యంత్రం. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ దీనిని ప్రకటించేనాటికి, తీవ్రమైన రోగులకు మెడ దగ్గర రంధ్రం చేయడమే ప్రధానమైన శరణ్యం. ఆయన తొలి యంత్రానికి ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటారును తిరగేసి వాడాడు. దుమ్మును లోపలికి పీల్చవలసినది మనిషికి ఊపిరి పోసింది.

జబ్బు తేలికపాటిదో మధ్యరకమో అయితే మరొక సాధనం ఉన్నది. రాత్రిపూట పళ్ళకు తొడుక్కొనే రెండు అచ్చులు. కింది దవడను కొద్ది మిల్లీమీటర్లు ముందుకు లాగి పట్టి గొంతు దారి తెరచి ఉంచుతాయి. కాని ఆ లాగుడంతా పడేది పళ్ళ మీదనే. చిగుళ్ళు చెడి పళ్ళు కదులుతున్నవారికి దీనిని అమర్చరాదు. గురకకు చిగుళ్ళతో ఏమి పని అన్నవారికి ఇంతకంటె సూటి జవాబు లేదు: పళ్ళ పట్టు పోయినవాడు ఒక చికిత్సకే అర్హత పోగొట్టుకొంటున్నాడు. మాస్కు పెట్టుకొనేవారు సైతం నోరు తెరచి పడుకొంటే ఆ గాలికి నోరు మరింత ఎండుతుంది. గాలిని తేమ చేసే నీటితొట్టి యంత్రానికి తగిలించుకోవడం, మాస్కు సరిగా అమరినదో లేదో చూపించుకోవడం, పడుకొనే ముందు పళ్ళు తోమి ఆ తరువాత నీరు తప్ప మరేదీ ముట్టకపోవడం చిన్న సంగతులే. మన ఇళ్ళలో పొద్దుటి పళ్ళు తోముకోవడానికి ఉన్న ఆచారగౌరవం రాత్రి తోముకోవడానికి ఎన్నడూ లేదు. ముఖం కడగనిదే కాఫీ ముట్టని పెద్దలు కూడ రాత్రి పాలు తాగి అలాగే పడుకొంటారు.

మాస్కు పెట్టుకొన్న మొదటి రాత్రి ఆ గృహస్థు నిద్రపోయాడు. ఆయన భార్య నిద్రపోలేదు. గదిలో యంత్రపు సన్నని చప్పుడు తప్ప మరేమీ లేదు. నిశ్శబ్దం అంటే ఊపిరి ఆగిపోయినదని ఏళ్ళ తరబడి అలవాటు పడిన మనిషి. రెండు మూడు సార్లు లేచి ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి చూసుకొన్నది. ఆమెకు నిద్ర పట్టడానికి వారం రోజులు పట్టింది.

దంతవైద్యురాలు రెండు విడతలుగా చిగుళ్ళ లోపలి గార తీసి, పళ్ళ సందులు శుభ్రం చేసుకొనే చిన్న బ్రష్షు ఇచ్చి, మూడు నెలలకు రమ్మన్నది. ఆయన వెళ్ళాడు. 6 ఉన్నచోట 4 వచ్చింది, నెత్తురు దాదాపు ఆగింది. కదిలే పన్ను కొద్దిగా కదులుతూనే ఉన్నది. యంత్రం వల్లనే కదండీ ఇది అని ఆయన సంతోషంగా అడిగాడు. గార తీసినందుకు ఎంత, సందుల బ్రష్షుకు ఎంత, రాత్రి నోరు ఎండకపోవడం వల్ల ఎంత అన్నది తాను విడదీసి చెప్పలేనని ఆమె అన్నది. తరువాత చీటీ మీద మరో మూడు నెలలకు తేదీ వేసి ఇచ్చింది.